ఆరు వేలు ఇంట్లో లేని రోజు

అవసరానికి ఇంట్లో ఎంత డబ్బు ఉంచుకోవాలని మా హోటల్‌కి వచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. నేను వెంటనే అంకె చెప్పను. ముందు మా బావగారి గురించి చెబుతాను. ఆయన నాకేం చేశాడో, తర్వాత నేను ఆయనకేం చేశానో రెండూ చెబుతాను. విన్నాక కొందరు నన్ను మెచ్చుకుంటారు, కొందరు మొహం తిప్పుకుంటారు. ఎవరేమనుకున్నా నాకు పట్టింపు లేదు. నేను చేసింది కోపంతో చేశాను. ఆ కోపం ఇంకా ఉంది.

నా పుట్టిల్లు ఇల్లందు. మా నాన్న బొగ్గు గనిలో కార్మికుడు. సమ్మె జరిగితే జీతం ఆగిపోయేది. ఎప్పుడు ఆగుతుందో, ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని మా అమ్మ ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బు బియ్యం డ్రమ్ములో అడుగున గుడ్డసంచిలో కట్టి పెట్టేది. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా దాని జోలికి పోయేది కాదు. నాన్నకు కూడా ఆ సంచి ముట్టుకునే అధికారం లేదు. ఇల్లంటే అట్లా ఉండాలని నేను అనుకుంటూ పెరిగాను.

పెళ్ళై పర్ణశాల వచ్చాను. మా అత్తగారి వాళ్ళు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్ళు. అన్నదమ్ములిద్దరే. పెద్దాయన మా బావగారు. పంపకాల్లో మాకు గోదావరి ఒడ్డు చేను వచ్చింది. ఏటా వరద తినగా మిగిలింది మాకు దక్కేది. దాన్ని కౌలుకిచ్చి, గుడికి వెళ్ళే దారిలో రేకుల షెడ్డు వేసి టిఫిన్ హోటల్ పెట్టాం. ఇడ్లీ, పూరీ, దోసె. మా ఆయన గల్లాలో, నేను పొయ్యి దగ్గర. యాత్రికుల పుణ్యాన బాగానే నడిచేది. అమ్మ దగ్గర నేర్చుకున్న అలవాటు నాతోనే వచ్చింది. మూత బిగుసుకోని ఒక పాత కుక్కర్ ఉండేది. అందులో రోజుకు వందో రెండొందలో వేసేదాన్ని. మా ఆయనకు తెలుసు, కానీ ఎంత ఉందో అడిగేవాడు కాదు.

బావగారు ఊళ్ళో పెద్దమనిషి. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక షట్టర్ తీసి మినీ బ్యాంకు పెట్టాడు. మా ఊళ్ళో ఏటీఎం లేదు. పింఛన్ డబ్బులు, ఉపాధి కూలీ, తునికాకు బోనస్, ఏదొచ్చినా ఖాతాలోనే పడుతుంది. అది చేతికి రావాలంటే ఆయన మిషన్ మీద వేలు పెట్టాలి. వెయ్యికి పది రూపాయలు కమీషన్. ఎవరి ఇంట్లోనూ డబ్బు నిలవకుండా ఉంటేనే ఆయన షట్టర్ ముందు వరస ఉంటుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండు వేల నోట్లు వెనక్కి తీసుకుంటున్నారని వార్త వచ్చిన వేసవి అది. నా కుక్కర్లో అవి తొమ్మిది ఉన్నాయి. మార్చుకు రమ్మని మా ఆయనకిచ్చి పంపాను. ఆయన నేరుగా అన్నగారి షట్టర్‌కి పోయాడు. కాసేపటికి నన్ను రమ్మని కబురొచ్చింది. పొయ్యి ఆపి వెళ్ళాను. పింఛన్ కోసం పదిహేను ఇరవై మంది వరసలో నిలబడి ఉన్నారు. బావగారు ఆ నోట్లను చేత్తో పట్టుకుని అందరికీ కనపడేట్టు ఊపాడు.

"ఏం అమ్మాయ్, ఇవి తొమ్మిదేనా, ఇంకా ఉన్నాయా?"

"ఇంట్ల చిన్న నోట్లు ఇంకొన్ని ఉన్నయి బావగారూ. అవసరానికి పెట్టుకున్న."

"ఏం అవసరం? తిండి లేదా, మొగుడు పెట్టట్లేదా? డబ్బు కుక్కర్లో పెట్టి ఉడకేస్తారా ఎవరన్నా?" వరసలో వాళ్ళు నవ్వారు. ఆయనకు ఊపొచ్చింది. "ఎంతైనా బొగ్గుబావి బుద్ధులు పోవు. మొగుణ్ణి నమ్మని ఆడదే ఇట్లా దాస్తుంది. బ్యాంకులో వెయ్యి. నీకెప్పుడు కావాలంటే అప్పుడు ఇయ్యడానికి నేను లేనా?"

మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చాడు. కుక్కర్ తీసి, అందులో మిగిలిన ఇరవై ఎనిమిది వేలు సంచిలో వేసుకుని వెళ్ళి, మొత్తం నలభై ఆరు వేలు నా ఖాతాలో వేయించి వచ్చాడు. "అన్నయ్య మంచికే చెప్పాడు. అందరిలో తలకొట్టేసినట్టైంది" అన్నాడు. తలకొట్టేసినట్టైంది నాకు కదా అని నేను అనలేదు. ఆ రోజు గట్టిగా అని ఉంటే మా ఆయన పాదం మిగిలేదేమో. ఇంతకాలం అయినా అది నన్ను పీకుతూనే ఉంది.

రెండు నెలలు తిరక్కుండానే గోదావరి వచ్చింది. మూడో హెచ్చరిక దాటింది. మా ఊరి కింది వీధులు మునిగాయి. రోడ్డుకు అడ్డంగా ఉన్న వాగులన్నీ వెనక్కి తన్ని భద్రాచలం దారి తెగింది. మొదటి రోజే కరెంటు పోయింది. రెండో రోజు సెల్ టవర్ చచ్చింది. హోటల్ మెట్ల దాకా నీళ్ళు వచ్చేసరికి మా ఆయన గ్యాస్ బండలు, గ్రైండర్ మెరక మీదికి చేరవేస్తున్నాడు. నీళ్ళలో కొట్టుకొచ్చిన రేకు ఒకటి ఎడమ పాదాన్ని కోసేసింది. ఆయనకు షుగర్ ఉంది. పసుపు అద్ది గుడ్డ కట్టాం. మర్నాటికి పాదం ఉబ్బి నల్లబడింది. ఒళ్ళు కాలిపోతోంది. కట్టు విప్పితే వాసన.

బళ్ళో పెట్టిన సహాయ శిబిరంలో మాత్రలు తప్ప ఏమీ లేవు. సర్కారు పడవ వస్తుందన్నారు, ఎప్పుడో చెప్పలేదు. ఆ మధ్యాహ్నం అవతలి ఊరి నుంచి ఎత్తు టైర్ల ట్రాక్టర్ ఒకటి వాగులు దాటుకుని వచ్చింది. డ్రైవర్ మనిషికి రెండు వేలు అన్నాడు. పడుకోబెట్టి తీసుకుపోతే ఇద్దరి లెక్క. మా ఆయనకు నాలుగు, తోడుగా నాకు రెండు.

"ఆరు వేలు అక్కా. నగదే ఇయ్యాలె. గంట ఆగుత, మళ్ల నీళ్లు పెరిగితే నా బండే పోతది."

"ఖాతల ఉన్నయి తమ్మీ. సిగ్నల్ రాంగనే కొడుత. నా చెవి కమ్మలు ఉంచుకో."

"బంగారం నేనేం చేసుకుంట అక్కా? డీజిల్ బంకోడు నోట్లే అడుగుతుండు. గక్కడ గూడ కరెంట్ లేదాయె."

గల్లాలో మూడొందల నలభై ఉన్నాయి. నాలుగిళ్ళు తిరిగితే పదకొండు వందలు పోగయ్యాయి. అందరి డబ్బూ ఖాతాల్లోనే ఉంది. మోకాలి లోతు నీళ్ళలో నడిచి పై వీధికి పోయాను. బావగారి మేడ దగ్గర నేల పొడిగా ఉంది. ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని ఉన్నాడు. నేను వాకిట్లోనే నిలబడి చెప్పాను. కాలు నల్లబడిందని చెప్పాను, వాసన వస్తోందని చెప్పాను, ట్రాక్టర్ గంటే ఆగుతుందని చెప్పాను.

ఆయన లేవలేదు. "మిషన్ పనిచెయ్యట్లేదు అమ్మాయ్" అన్నాడు.

"మిషన్ ఎందుకు బావగారూ, మీ దగ్గర ఉంటే ఇయ్యిరి. కరెంట్ రాంగనే తీసి ఇస్త."

"నా దగ్గరెక్కడుంది? అంతా బ్యాంకులోనే. రేపో ఎల్లుండో పడవ వస్తుందిలే. వాడికి చిన్నప్పుడు కూడా ఇట్లా దెబ్బలు తగిలితే రెండ్రోజుల్లో తగ్గేవి."

మా అక్క, అంటే ఆయన భార్య, తలుపు వెనక నిలబడి ఉంది. నా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను తిరిగి వచ్చేసరికి ట్రాక్టర్ బయల్దేరడానికి ఇంకా టైముంది. కాసేపు దాని చక్రం పట్టుకుని నిలబడ్డాను. డ్రైవర్‌కి నా మొహం చూడబుద్ధి కాలేదేమో, అటు తిరిగి బీడీ తాగాడు. అతని మీద నాకు కోపం లేదు. తర్వాత మా ఆయన పిలుస్తున్నాడని లోపలికి పోయాను. బయట బండి కదిలిన చప్పుడు విన్నాను.

సర్కారు పడవ రెండు రోజుల తర్వాత వచ్చింది. భద్రాచలం దవాఖానాలో డాక్టరు కట్టు విప్పి, నర్సును పిలిచి, నన్ను బయటికి తీసుకొచ్చాడు. ఖమ్మం తీసుకుపొమ్మన్నాడు. "ఎందుకింత ఆలస్యం చేశారమ్మా? రెండు రోజుల ముందైతే ఒక వేలుతో పోయేది" అన్నాడు.

వరండాలో కాగితాల కోసం కూర్చుని ఉంటే నా భుజం మీద చెయ్యి పడింది. మా హోటల్‌కి విస్తళ్ళు కుట్టి తెచ్చే కోయావిడ. వాళ్ళ గూడెం మా ఊరికి మూడు మైళ్ళు. చిన్న కూతురికి జ్వరం వస్తే తీసుకొచ్చి మూడు రోజులైందట. పిల్ల మంచం మీద లేచి కూర్చుని బన్ను తింటోంది.

"నువ్వు ట్రాక్టర్ ఎందుకు ఎక్కలే అక్కా? నిన్ను చూసిన నేను. చక్రం కాడ నిలబడ్డవ్."

"పైసల్లేవు. నీకెక్కడియి?"

"మీ బావే ఇచ్చిండు. నా కాళ్ల కడియాలు పెట్టుకొని నాలుగు వేలు ఇచ్చిండు. డ్రాయర్ తెరిస్తే కట్టలు కట్టలు ఉన్నయి. గుత్తేదారు గూడ అప్పుడే వచ్చి తీస్కపోయిండు, వందకు ఇరవై ఎక్కువ రాసిచ్చి."

"ఎప్పుడు?"

"నువ్వు వచ్చి పోయినంక జరసేపటికే."

నాకు మొదట ఏడుపు రాలేదు. లెక్క అర్థమైంది. తమ్ముడి భార్యను తాకట్టు అడగలేడు, వడ్డీ అడగలేడు. ఊరికే ఇస్తే ఆ ఆరు వేల మీద వచ్చే పన్నెండొందలు పోతాయి. అందుకని లేవన్నాడు. మా ఆయన పాదం ఆయనకు పన్నెండొందలు. ఈ లెక్క తెలిసిన క్షణం నుంచి నేను ఆయనను వదల్లేదు.

ఖమ్మంలో పాదం ముందు సగం తీసేశారు. కొంచెం కోలుకున్నాక మా ఆయనకు విషయం చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అడవిలో మనిషి మాట పట్టుకుని అన్నయ్యను అంటావా? ఉంటే ఇవ్వడా? నన్ను భుజాల మీద మోసి పెంచాడు వాడు."

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆయన నమ్మడు. నమ్మించేది నేను కాకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ మాట బావగారి నోటి నుంచే రావాలి.

ఊరికి వచ్చాక వరసగా అయిదు రోజులు మినీ బ్యాంకుకు వెళ్ళాను. రోజుకు తొమ్మిది వేలో పది వేలో తీశాను. వందలు, అయిదొందలే అడిగాను. కమీషన్ మాట్లాడకుండా ఇచ్చాను. అయిదో రోజు బావగారు నవ్వాడు. "మళ్ళీ కుక్కర్లోకేనా?"

"అవ్ బావగారూ. కుక్కర్లకే."

ఆయన ఇంకా నవ్వుతుండగానే షట్టర్ మెట్లు దిగాను. ఆయనను తిట్టాలని గానీ, నలుగురిలో పెట్టాలని గానీ అప్పుడు నాకు లేదు. ఆ షట్టర్ మూయించాలనుకున్నాను. ఇరవై మంది నన్ను చూసి నవ్విన ఆ షట్టర్ ముందు ఒక్కరు కూడా నిలబడకూడదు.

మార్గం నా హోటల్లోనే ఉంది. యాత్రికుల్లో సగం మంది ఇప్పటికీ నోట్లే ఇస్తారు. గ్యాస్‌కి, భద్రాచలం హోల్‌సేల్ కిరాణా షాపుకి నేను ఫోన్‌లోనే డబ్బు కొట్టాలి. అంటే నాకు ఖాతాలో డబ్బు కావాలి, ఊళ్ళో ఆడవాళ్ళకు చేతిలో నోట్లు కావాలి. విస్తళ్ళావిడతో మొదలుపెట్టాను. ఆమె అల్లుడి ఫోన్ నుంచి నాకు వెయ్యి కొట్టించింది. నేను పది వంద నోట్లు ఇచ్చాను.

"కమీషన్ ఎంత అక్కా?"

"ఏం లేదు. గాని ఒక మాట. ఇవన్నీ ఖర్చు పెట్టకు. ఇంట్ల ఉంచు."

"ఎంత ఉంచాలె?"

"నీకెంత కావాలె చెప్పు."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మనిషిని ఏసుకొని దవాఖానాకు పోవాలె. గక్కడ నాలుగు రోజులు తినాలె. మళ్ల ఇంటికి రావాలె. గంతుంటే సాలు. నా కడియాలు గూడ కాళ్లకే ఉండాలె."

ఆ మాటనే నేను ఊరంతా మోశాను. కూర్చుని లెక్క కట్టాను. ట్రాక్టర్, ఆ తర్వాత కారు, ఇద్దరికి నాలుగు రోజుల తిండి, మందులు. మా ఊరికి పన్నెండు వేలు తేలింది. అన్నీ చిన్న నోట్లే ఉండాలి, ఎందుకంటే వరదలో చిల్లర ఎవ్వడూ ఇవ్వడు. తడవకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టాలి. ఇంట్లో ఇద్దరికి చోటు తెలియాలి, మూడో మనిషికి తెలియకూడదు. పన్నెండు వేలు ఒక్కసారి పెట్టలేని వాళ్ళు వారానికి వంద వేయాలి. వేలిముద్ర తప్ప ఫోన్ లేని వాళ్ళని పదిమందిని కలిపి నెలకోసారి ఆటోలో భద్రాచలం బ్యాంకుకు పంపేదాన్ని. విస్తళ్ళావిడ ముందు సీట్లో కూర్చునేది. ఆటో కిరాయి పంచుకుంటే మనిషికి బావగారి కమీషన్ కన్నా ఎక్కువే పడేది. అయినా వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు మిర్చిబజ్జీ తిని వచ్చేవాళ్ళు.

నేను వాళ్ళ మేలు కోరే చేశానని చెప్పుకోవచ్చు. మేలు జరిగింది కూడా. కానీ ఒక్కో మనిషి ఆ వరసలోంచి తగ్గినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది. పొయ్యి దగ్గర్నుంచి చూస్తే షట్టర్ సగం కనపడుతుంది. ఒక ఏడాది గడిచేసరికి బావగారు కుర్చీ బయటికి లాక్కుని పేపర్ చదువుతూ కూర్చునేవాడు. నేను దోసెలు తిప్పుతూ ఆయన ఎన్నిసార్లు పేజీ తిప్పుతాడో చూసేదాన్ని.

ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఒక సాయంత్రం మా ఆయన దగ్గర కూర్చుని మొరపెట్టుకున్నాడు. ఆయన వెళ్ళాక మా ఆయన నన్ను పిలిచాడు.

"అన్నయ్య పొట్ట కొడుతున్నావట. ఏంటిది?"

"ఎవల పైసలు వాళ్లు ఇంట్ల పెట్టుకుంటున్నరు. దాంట్ల నేను కొట్టిందేముంది?"

"వాడి మీద కక్షతో చేస్తున్నావు."

"అవ్. కక్షతోనే."

అంత సూటిగా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు. కర్ర పక్కన పెట్టాడు. "నా కాలు పోయింది. నేనే వాణ్ణి తప్పు పట్టట్లేదు. నీకేంటి?"

"కాలు నీది. తప్పు పట్టకు, నీ ఇష్టం. గా వాకిట్ల నిలబడి అడుక్కున్నది నేను. అది నాది."

ఆ వారంలోనే మినీ బ్యాంకు బోర్డు దిగింది. షట్టర్‌ని ఎరువుల కొట్టుకు కిరాయికిచ్చాడు. ఉన్న డబ్బంతా తీసి సత్తుపల్లి దగ్గర ప్లాటు కొన్నాడని విన్నాను. అక్కడితో నాకు చాలనిపించాలి. అనిపించలేదు.

పోయిన వానాకాలం మళ్ళీ గోదావరి వచ్చింది. ఈసారి ఊరు మునగలేదు. వాగుల మీద నీళ్ళు పిక్కల లోతే, కార్లు దాటుతున్నాయి. కానీ గాలివానకు స్తంభాలు పడి మూడు రోజులు కరెంటు లేదు, సిగ్నల్ లేదు. రెండో రోజు పొద్దున టిఫిన్ల వేళ హోటల్ నిండా జనం ఉన్నారు. అందరూ నోట్లే ఇస్తున్నారు. ఎవరి ఇంట్లో వాళ్ళకు డబ్బుంది. మా ఆయన గల్లాలో కూర్చుని చిల్లర ఇస్తున్నాడు.

బావగారు గొడుగు కూడా సరిగ్గా ముడవకుండా లోపలికి వచ్చాడు. నేరుగా నా పొయ్యి దగ్గరికే వచ్చాడు.

"అమ్మాయ్, మీ అక్క మెట్ల మీద జారి పడింది. తుంటి విరిగినట్టుంది, కదలట్లేదు. కారువాడు డబ్బు చేతిలో పెడితేనే వస్తానంటున్నాడు. ఖమ్మం తీసుకుపోవాలి. ఓ పదివేలు ఉంటే ఇవ్వు."

పది వేలు నా వెనక డబ్బాలోనే ఉన్నాయి. ఆయన ఎప్పుడో ఒకరోజు ఇట్లా వస్తాడని, వస్తే ఏమనాలో, ఎట్లా అనాలో రెండేళ్ళుగా దోసెలు పోస్తూ అనుకుంటూ ఉన్నదాన్ని. నోరు దానంతటదే కదిలింది.

"మిషన్ పనిచెయ్యట్లేదు బావగారూ."

ఆయన మొహంలో రక్తం పోయింది. బెంచీల మీద మాటలు ఆగాయి. విషయం ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఒక్క మా ఆయన తప్ప నమ్మనివాళ్ళు లేరు.

పెనం మీద దోసె ఉంది. తిప్పాను. పళ్ళెంలో వేసి ఇచ్చాను. ఇంకోటి పోశాను. అట్లా ఎన్ని దోసెలు అయ్యాయో గుర్తులేదు. ఆయన గొడుగు నుంచి నీళ్ళు నేల మీద కారుతూనే ఉన్నాయి. మా ఆయన గల్లా దగ్గర్నుంచి "ఇవ్వవే, ఏంటిది, ఇవ్వు" అని అరుస్తున్నాడు. కర్ర దొరక్క తడుముకుంటున్నాడు.

"ఇస్త. ఒక్కటి చెప్పి తీస్కపోండ్రి" అన్నాను. "గా రోజు మీ డ్రాయర్ల ఎంతుండె?"

"ఇప్పుడు అదెందుకు..."

"ఎంతుండె?"

"అమ్మాయ్, అక్కడ మీ అక్క కిందే పడి ఉంది."

"నా మొగడు గూడ కిందనే పడి ఉండె. ఎంతుండె?"

ఆయన నన్ను చూడలేదు, తమ్ముణ్ణి చూడలేదు. పెనం వంక చూస్తూ చెప్పాడు. "లక్షా ముప్ఫై వేలు."

మా ఆయన చేతిలో చిల్లర కింద పడింది. ఎవరూ ఏరలేదు.

డబ్బా తీసి పదివేలు సంచిలో వేసుకుని నేనే బయల్దేరాను. ఆయన చేతికి ఇవ్వలేదు. వానలో నడిచి వెళ్ళి, మేడమెట్ల కింద పడి ఉన్న అక్క పక్కన కూర్చుని ఆమె చేతిలో పెట్టాను. ఆమె పెదవులు కొరుక్కుని ఉంది. కింది పెదవి మీద రక్తం. కారు వచ్చాక నలుగురం పట్టి ఎక్కించాం. వాగు దాకా నేను కూడా వెళ్ళాను.

తిరిగొస్తూ నాకు సంతోషంగా ఉంది. అబద్ధం చెప్పను, చాలా సంతోషంగా ఉంది. ఒళ్ళంతా తేలికైంది. హోటల్‌కి వచ్చేసరికి బెంచీలు ఖాళీ. మా ఆయన గల్లా ముందు అదే కుర్చీలో ఉన్నాడు. ఎడమ కాలు బూటు విప్పి, సగం పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. పాదం తీసినప్పుడు కూడా ఆయన ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఆయనకు పాదం పోయింది గానీ అన్న ఉన్నాడు. ఆ పొద్దున నేను అన్నను కూడా తీసేశాను. అది నా లెక్కలో లేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. సాయంత్రాలు అన్నగారి అరుగు మీద కూర్చునే మనిషి ఇప్పుడు ఇంట్లోనే కూర్చుంటున్నాడు. నన్ను ఏమీ అనడు. అడిగితే జవాబిస్తాడు. బావగారు కరెంటు వచ్చిన రోజే పదివేలు ఫోన్‌లో కొట్టాడు. నేను తిప్పి పంపాను. నోట్లే తెమ్మన్నాను. తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టి, తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు. దానికీ నాకు తృప్తిగానే ఉంది.

మూడు నెలలకు అక్క నడిచింది. వాకర్ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ ఓ మధ్యాహ్నం మా హోటల్‌కి వచ్చింది. జనం లేరు. నేను కుర్చీ వేశాను. టీ పెట్టి ఇచ్చాను. సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆయన నీ దగ్గరికి వచ్చి వెళ్ళడానికి ఎంతసేపు పట్టాలి?" అంది.

నేను టీ గిన్నె దించి పక్కన పెట్టాను.

"అయిదు నిమిషాలు. నువ్వు వచ్చేసరికి అరగంట దాటింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ మెట్ల కింది నుంచి కనపడుతుంది."

"అక్కా, గా రోజు నువ్వు తలుపెనక నిలబడ్డవ్."

"నిలబడ్డాను. డ్రాయర్లో డబ్బుందని తెలుసు. నోరెత్తలేదు. అది నేను ఒప్పుకుంటాను." ఆమె గొంతు పెంచలేదు. "కానీ నీ మొగుడి కాలు నేను కొయ్యలేదు. ఆ అరగంట మాత్రం నువ్వు నన్ను కింద పడుకోబెట్టావు. అది నేను మర్చిపోను. నీకు చెప్పి పోదామని వచ్చాను."

క్షమించమని అడగాలని ఒక్కసారి నోటి దాకా వచ్చింది. అడిగితే అది నిజం కాదు. మళ్ళీ ఆ పొద్దున వస్తే నేను మళ్ళీ అన్ని దోసెలూ పోస్తాను.

"మర్చిపోకక్కా" అన్నాను.

ఆమె మిగిలిన టీ తాగింది. కొంగుముడి విప్పి పది రూపాయల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. నేను కాపురానికి వచ్చి పాతికేళ్ళు. ఆమె మా హోటల్లో టీకి డబ్బులివ్వడం అదే మొదటిసారి. నేను ఆ బిళ్ళ తీసి గల్లాలో వేశాను. ఆమె వాకర్ సర్దుకుని, మెట్టు దగ్గర నేను చెయ్యి అందిస్తే పట్టుకోకుండా, తనే దిగి వెళ్ళింది.